పక్కింటి కుక్కలు దారి కాస్తుంటే: గేటు దగ్గరి మాట నుంచి ఆర్డీవో ఆఫీసు దాకా

ఈ తగాదాలో చాలామంది మొదటి మాటే తప్పుగా అడుగుతారు: "ఆ కుక్కల్ని ఇక్కణ్ణుంచి తీసేయండి." పెంచుకుంటున్నవాళ్లకు అది ఇంట్లో మనిషిని పంపేయమన్నట్టు వినిపిస్తుంది. ఇక అక్కణ్ణుంచి నడిచేది కుక్క గొడవ కాదు, పరువు గొడవ. మునిసిపాలిటీవాళ్ల దగ్గరికి వెళితే "పెంపుడు కుక్కను మేం ఎత్తుకెళ్లలేమండీ" అంటారు. పోలీసులు "ఇరుగుపొరుగు కదా, కూర్చుని మాట్లాడుకోండి" అంటారు. మీరు ఇంటికొచ్చేసరికి గేటు మళ్లీ తెరిచే ఉంటుంది.

అదే మీరు "గేటుకు గడియ వేయండి, రోడ్డు మీదికి గొలుసు లేకుండా వదలకండి" అని మాత్రమే అడిగితే కాదనడానికి ఎవరికీ కారణం దొరకదు. పొరుగాయనకూ దొరకదు, ఎస్సైగారికీ దొరకదు. కింద చెప్పే ప్రతి మెట్టు మీదా అడగాల్సింది ఈ రెండు ముక్కలే. కాలనీ సంఘం పనుల్లో తిరిగిన మనిషిగా ఇలాంటి పంచాయితీలు దగ్గర్నుంచి చూశాను. తేలినవి గడియ దగ్గరే తేలాయి. ముదిరినవి "మీవాడు రాయి విసిరాడు", "మీ కుక్కకు పొగరు" దగ్గర ముదిరాయి.

కరిచి ఉంటే ముందు ఇది చేయండి

కుక్క పన్ను దిగినా, గోరు గీరి రక్తం వచ్చినా, చర్మం లేచిన చోట నాకినా మిగతా వ్యాసం తర్వాత చదువుకోవచ్చు. వెంటనే కుళాయి కింద పెట్టి, సబ్బుతో 15 నిమిషాలు కడగండి. గడియారం చూసుకుని కడగండి, ఎందుకంటే భయంలో రెండు నిమిషాలే పావుగంటలా అనిపిస్తాయి. తర్వాత ఇంట్లో బీటాడిన్ లాంటిది ఉంటే రాయండి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, పసరు మందు ఏదీ పెట్టొద్దు. గట్టిగా కట్టు కట్టొద్దు. కుట్లు వేయాలా వద్దా అన్నది డాక్టరు నిర్ణయం. ఈ గాయాలకు వెంటనే కుట్లు వేయడం మామూలుగా చేయరు.

అక్కణ్ణుంచి నేరుగా ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లండి. రేబిస్ టీకా అక్కడ ఉచితం. హైదరాబాద్‌లో అయితే నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్), నల్లకుంట ఫీవర్ ఆస్పత్రి దశాబ్దాలుగా ఈ పనికి పేరు పడ్డవి. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లని పాతతరం వాళ్లు చెప్పే రోజులు ఎప్పుడో పోయాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో సాధారణంగా చర్మం పొరల్లో ఇచ్చే పద్ధతి ఉంటుంది: మొదటి రోజు, 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు. కండకు ఇచ్చే పద్ధతి అయితే వీటికి తోడు 14వ రోజు ఒకటి. మొదటి రోజును సున్నాగా లెక్కపెడతారు కాబట్టి తేదీలు చీటీ మీద రాయించుకోండి. లోతైన గాయం, రక్తం కారిన గాయం అయితే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా వేయాలి. ఆస్పత్రివాళ్లు దాని మాట ఎత్తకపోతే మీరే అడగండి. టీకా శరీరంలో రక్షణ తయారుచేయడానికి రోజులు పడుతుంది, ఆలోపు కాపాడేది అదే. గతంలో పూర్తి కోర్సు వేయించుకుని ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, డోసులు తగ్గుతాయి.

"మా కుక్కకు టీకా వేయించాం, భయం లేదు" అని పొరుగువాళ్లు అంటే మంచిదే, కార్డు చూపించమనండి. కానీ కార్డు దొరికేదాకా మీ టీకా ఆపకండి. ఇక్కడ వాళ్లనుంచి మీకు కావాల్సింది ఇంకొకటి ఉంది. ఆ కుక్కను 10 రోజులపాటు కట్టేసి, కళ్లముందే ఉంచాలి. అది పది రోజులూ ఆరోగ్యంగా ఉంటే మిగిలిన డోసుల గురించి డాక్టరు మళ్లీ ఆలోచిస్తారు. అందుకే కోపంతో దాన్ని కొట్టి తరిమేయడం మీకే నష్టం.

ఆస్పత్రి ఓపీ చీటీ, టీకా కార్డు, గాయం ఫొటో, చిరిగిన బట్ట దాచిపెట్టండి. తర్వాత పోలీసుల దగ్గర ఇవే మాట్లాడతాయి.

ఆ కుక్కలు ఎవరివో తేల్చుకోండి

చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది గానీ సగం కేసులు ఇక్కడే జారిపోతాయి. మీరు అడగ్గానే వచ్చే జవాబు: "అవి మావి కాదండీ, పాపం కదా అని అన్నం పెడతాం." మెడకు బెల్టు ఉంటుంది, రాత్రి పోర్టికోలో పడుకుంటుంది, "రాజూ" అని పిలిస్తే తోక ఊపుకుంటూ వెళ్తుంది. కరిచిన రోజు మాత్రం వీధికుక్క అయిపోతుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే రెండిటికీ చట్టం వేరు. వీధికుక్కల విషయం 2023 జంతు సంతాన నియంత్రణ నిబంధనల కిందికి వస్తుంది. వాటిని పట్టుకుని, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఆపరేషన్ అయిన కుక్కకు చెవి కొసన కోత కనిపిస్తుంది. వాటికి తిండి పెట్టేచోటు పిల్లలు ఆడుకునే జాగాకూ, రాకపోకల దారులకూ, మెట్లకూ దూరంగా ఉండాలని అవే నిబంధనలు చెబుతాయి. అంటే "ఊరికే అన్నం పెడతాం" అన్నా సరే, మీ గేటు ముందు దారిలో పెట్టడం గురించి సంఘంలో మాట్లాడే హక్కు మీకుంది.

పెంపుడు కుక్క అయితే టీకా, నులిపురుగుల మందు, ఆపరేషన్ బాధ్యత యజమానిదేనని ఆ నిబంధనలే తేల్చాయి. దాన్ని అదుపులో పెట్టడం గురించి క్రిమినల్ చట్టం ఉంది, కింద చెబుతాను. కాబట్టి బెల్టు కనబడేలా, ఆ ఇంటి గేటులోంచి వస్తూ, మళ్లీ అదే గేటులోకి వెళుతూ ఉన్న వీడియో ఒక్కటుంటే చాలు. ఆ ఇంట్లోవాళ్లు పేరుపెట్టి పిలవడం అందులో వినిపిస్తే ఇక "మాది కాదు" అనే మాట నిలబడదు.

ఇటీవల సుప్రీంకోర్టులో నడిచిన వివాదం ప్రధానంగా వీధికుక్కల గురించి. దాని వార్తల కటింగు తీసుకెళ్లి పొరుగాయనకు చూపిస్తే లాభం లేదు. అలాగే "ఆ జాతి కుక్కను కేంద్రం నిషేధించింది" అని కొందరు వాదిస్తారు. 2024 మార్చిలో 23 జాతుల మీద కేంద్రం ఇచ్చిన సర్క్యులర్‌ను మరుసటి నెలే కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. జాతి జోలికి పోకండి. లాబ్రడార్ అయినా నాటుకుక్క అయినా అడగాల్సింది గొలుసే.

దారిలో ఎదురైనప్పుడు

గొడవ తేలేలోపు కూడా నడవాలి కదా. పరిగెత్తొద్దు, ఇది మొదటిది, చివరిది కూడా. పరిగెత్తే కాళ్లు కుక్కను వెంటాడమని పిలిచినట్టే. ఆగండి, దాని కళ్లలోకి చూడకుండా పక్కకు తిరిగి నిలబడండి, చేతులు దగ్గరగా పెట్టుకోండి. చేతిలో సంచీ, గొడుగు ఏదుంటే అది మీకూ దానికీ మధ్య అడ్డు పెట్టండి. దాని అరుపు తగ్గాక వెన్ను చూపకుండా, అడుగులో అడుగు వేస్తూ వెనక్కి జరగండి. కిందపడితే మోకాళ్లు ముడుచుకుని, మెడనూ చెవులనూ చేతులతో కప్పుకోవాలి. పిల్లలకు దీన్ని ఇంట్లో ఆటలా ఒకటి రెండుసార్లు చేయించండి, మాటతో చెబితే గుర్తుండదు.

వంగి రాయి తీసినట్టు నటించడం మనకు పుట్టుకతో వచ్చిన విద్య. వీధికుక్క ఆ వంగుడు చూసి పారిపోతుంది, దానికి రాయి రుచి తెలుసు. ఇంట్లో సోఫా మీద పెరిగిన కుక్కకు ఆ సంగతి తెలియకపోవచ్చు. పైగా వంగితే మీ ముఖం దాని ఎత్తుకు దిగుతుంది. పెంపుడు కుక్క దగ్గర ఈ ప్రయోగం వద్దు.

బండి మీద ఉంటే యాక్సిలరేటర్ ఇవ్వబుద్ధేస్తుంది. చాలామంది పడేది కుక్క కరిచి కాదు, ఆ వేగంలో హ్యాండిల్ తిప్పి. వేగం తగ్గించండి, అవసరమైతే ఆపేయండి. బండి ఆగితే చాలా కుక్కలకు తరమాలన్న ఉత్సాహం పోతుంది. సైకిల్ మీది పిల్లలు దిగి, సైకిల్‌ను తమకూ కుక్కకూ మధ్య ఉంచుకుని నడవాలి.

పెద్దవాళ్ల చేతికర్ర మంచిదే, కాకపోతే నేలకు తాటించడానికే. ఎత్తి ఝళిపిస్తే రెచ్చిపోయే కుక్కలుంటాయి, "కర్రతో బెదిరిస్తున్నారు, అందుకే అరుస్తోంది" అని సీసీ కెమెరా చూపించే యజమానులూ ఉంటారు.

రాసి పెట్టుకోండి

ఒక నోటుబుక్కు తీయండి. కుక్కలు బయటికి వచ్చి ఎవరినైనా అడ్డగించిన ప్రతిసారీ అదే రోజు రెండు వాక్యాలు రాయండి. ఇలా:

"మంగళవారం, ఉదయం 6.10. గేటు తెరిచి ఉంది. బెల్టు ఉన్న గోధుమరంగు కుక్క, నల్లది రెండూ రోడ్డు మీదికి వచ్చాయి. పాలు తెస్తున్న అమ్మ మీదికి అరుస్తూ ఉరికాయి, చీర కుచ్చిళ్లు పట్టుకుంది నల్లది. ఎదురింటి పిన్నిగారు చూశారు. ఇంట్లోవాళ్లు పిలిస్తే రెండు నిమిషాలకు లోపలికి వెళ్లాయి."

"రోజూ చంపుకు తింటున్నాయి" అని రాయకండి. దాన్ని చదివిన అధికారి పక్కన పడేస్తాడు. సమయం, ఏం జరిగింది, ఎవరు చూశారు, ఇంతే. నాలుగైదు ఎంట్రీలు పడ్డాక మీకే ఒకటి కనిపిస్తుంది: చాలావరకు ఒకే వేళకు జరుగుతూ ఉంటుంది. ఆ వేళ తెలియడం సగం పరిష్కారం.

వీడియో తీస్తే అసలు ఫైలు ఫోన్‌లోనే ఉంచండి. వాట్సాప్‌లో తిరిగి తిరిగి వచ్చిన కాపీకి తేదీ, సమయం వివరాలు పోతాయి. కోర్టుదాకా వెళితే 2023 భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఆ వీడియోకు ధ్రువపత్రం ఇవ్వాల్సి వస్తుంది, అసలు ఫైలుంటే ఆ పని సులువు. ఎదురింటి సీసీ కెమెరాలో పడి ఉంటే వెంటనే అడిగి తీసుకోండి. కొన్ని రోజులకే పాత రికార్డింగు చెరిగిపోతుంది. కెమెరా ఎప్పుడూ రోడ్డువైపే ఉండాలి. వాళ్ల ఇంట్లోకీ, వాళ్ల ఆడవాళ్ల మీదికీ తిప్పారో కేసు మీ మీదికి తిరుగుతుంది.

గేటు దగ్గర మాట

కుక్క మీదికి ఉరికిన క్షణంలో వెళ్లి గేటు బాదకండి. అప్పుడు నోట్లోంచి వచ్చేది మాట కాదు. సాయంత్రం, ఇంట్లోవాళ్లు తీరిగ్గా ఉన్న వేళ చూసుకుని వెళ్లండి. ఒక్కరే వెళ్లండి లేదా ఆ ఇంటివాళ్లు గౌరవించే పెద్దమనిషిని ఒకరిని తోడు తీసుకోండి. పదిమంది వెళితే దండయాత్ర అవుతుంది. ఆ ఇంట్లో కుక్కల్ని నిజంగా చూసుకునేది ఎవరో కనిపెట్టండి. చాలా ఇళ్లలో తెచ్చింది కొడుకు, తిట్లు తినేది తండ్రి, అన్నం పెట్టి బయటికి వదిలేది తల్లి. మాట చేరాల్సింది ఆ తల్లికి.

"వదినగారూ, ఒక చిన్న సంగతి. పొద్దున ఆరింటికి అమ్మ పాలకు వెళ్లేటప్పుడు రెండూ బయటికి వచ్చేస్తున్నాయండి. అమ్మకు మోకాళ్ల నొప్పులు కదా, కంగారులో పడితే తుంటి ఎముక విరుగుతుందని భయం. ఆ వేళకు కాస్త గేటు గడియ వేసి ఉంచుతారా?"

జవాబు మీకు తెలిసిందే: "అయ్యో, అవేం చేయవండీ! ఊరికే ఆడుకుంటాయంతే." దేశమంతా ఈ ఒక్క వాక్యం మీదే నడుస్తోంది. దీన్ని ఖండించొద్దు. "మీ దగ్గర ఏమీ చేయవండీ, నిజమే. అమ్మకు ఆ సంగతి తెలీదు కదా" అనండి. కుక్క మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి దిగితే సాయంత్రం అయిపోతుంది, గడియ సంగతి అలాగే ఉండిపోతుంది.

మాట్లాడుతూనే గేటును ఒకసారి చూడండి. మన ఇళ్ల ఇనుప గేట్లలో ఎక్కువ వాటికి ఒక రెక్కకు కిందికి దిగే బోల్టు ఉంటుంది. అది దిగాల్సిన నేలలోని రంధ్రం మట్టితో, ఇసుకతో పూడిపోయి ఉంటుంది. బోల్టు పైనే వేలాడుతుంది. పైకి గేటు మూసినట్టే కనిపిస్తుంది, కుక్క రెండు రెక్కల సందులో ముక్కు దూర్చి తల తిప్పగానే తెరుచుకుంటుంది. రెండోది, పేపరబ్బాయి, పనమ్మాయి, నీళ్ల క్యాన్ అతను వచ్చి పోయాక వెనక్కి తిరిగి గేటు వేయరు. ఈ రెండూ చూస్తే అడగాల్సినవి తేలిపోతాయి: రంధ్రంలో మట్టి తీయించడం, నడుము ఎత్తులో ఒక కొండీ, తనంతట తాను మూసుకునేలా ఒక స్ప్రింగు, కింది చువ్వల మధ్య ఇనుప జాలీ. వెల్డింగ్ షాపు అబ్బాయిని పిలిస్తే ఒక పూట పని. "మా గేటుకు కూడా చేయించాలనుకుంటున్నాం, ఇద్దరికీ కలిపి పిలుద్దామా?" అనే మాట నేను చూసినంతలో ఏ నోటీసుకన్నా బాగా పనిచేసింది.

ఇంకో అసలు కారణం ఉంది, పైకి ఎవరూ చెప్పరు. తెల్లవారుజామున కుక్కల్ని బయటికి వదిలేది అవి రోడ్డు మీద కాలకృత్యాలు తీర్చుకోవడానికి. గేటు పొరపాటున తెరుచుకోవడం కాదు, తెరవడమే. అలాంటి ఇంటికి గడియ సలహా ఇస్తే తల ఊపి మర్నాడు మళ్లీ వదులుతారు. అక్కడ అడగాల్సింది వేరు: "వదిలే బదులు గొలుసు వేసి ఎవరైనా తిప్పండి, ఆరింటికి ముందో ఏడింటి తర్వాతో." రోజంతా కట్టేసి ఉంచమని మాత్రం అడగొద్దు. పొట్టి గొలుసుతో అదేపనిగా కట్టేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద తప్పు, పైగా రోజంతా కట్టేసిన కుక్క విడిచినప్పుడు మరింత రెచ్చిపోతుంది. మూతికి చిక్కం గురించి కూడా మొదట్లో పట్టుబట్టకండి, గొలుసు చాలు.

టీకా మాట కూడా ఇక్కడే ఎత్తొచ్చు. కుక్కపిల్లకు మూడు నెలల వయసులో రేబిస్ టీకా మొదలుపెట్టి, తర్వాత ఏటా వేయించాలి. జులై 6న ప్రపంచ జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల) దినం సందర్భంగా ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. ఆ తేదీ చెప్పడం కూడా ఒక మర్యాదే.

మాట్లాడి వచ్చాక ఆ రాత్రే చిన్న మెసేజ్ పెట్టండి: "ఇవాళ మాట్లాడినందుకు థాంక్సండీ. గేటుకు కొండీ పెట్టిస్తామన్నారు, అమ్మ చాలా సంతోషించింది." మర్యాదగానూ ఉంటుంది, ఫలానా రోజున చెప్పామనే రుజువుగానూ మిగులుతుంది.

మాట పనిచేయకపోతే ఉత్తరం

రెండు మూడు వారాలు చూడండి. మార్పు లేకపోతే కాగితం మీద రాయండి. లాయరు నోటీసు ఇప్పుడే వద్దు, దాంతో పలకరింపులు కూడా తెగిపోతాయి. ఒక పేజీ చాలు:

"శ్రీ ... గారికి, నమస్కారం. మీ ఇంట్లో పెంచుకుంటున్న రెండు కుక్కలు గేటు దాటి రోడ్డు మీదికి వచ్చి నడిచేవారి మీదికి ఉరుకుతున్నాయని ఫలానా తేదీన మీకు చెప్పాను. ఆ తర్వాత కూడా ఈ కింది తేదీల్లో అలాగే జరిగింది: ... . వీటివల్ల నడిచేవారికి తీవ్ర గాయం అయ్యే ప్రమాదం ఉంది. గేటుకు గడియ ఏర్పాటు చేయాలనీ, గొలుసు లేకుండా కుక్కలను రోడ్డు మీదికి వదలవద్దనీ కోరుతున్నాను. పదిహేను రోజుల్లో ఏర్పాటు జరగకపోతే మునిసిపాలిటీకి, పోలీసులకు ఫిర్యాదు చేయవలసి వస్తుంది. ఇరుగుపొరుగుగా ఆ అవసరం రాకూడదని నా కోరిక."

చేతికిచ్చి కాపీ మీద సంతకం తీసుకోండి. తీసుకోకపోతే స్పీడ్‌పోస్టులో పంపి రసీదు దాచండి. "ప్రమాదం ఉంది" అన్న మాట తీసేయకండి. ఎందుకో పోలీస్ స్టేషన్ దగ్గర తెలుస్తుంది.

సంఘం, మునిసిపాలిటీ, పంచాయతీ

అపార్టుమెంటు, కాలనీ సంఘాలు కుక్కల్ని పెంచుకోవద్దని తీర్మానం చేయలేవు. భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే ఆ సంగతి స్పష్టం చేసింది. ఉమ్మడి జాగాల్లో గొలుసు వేయాలి, మలం ఎత్తేయాలి అని కోరుతూ నోటీసు పెట్టడానికి ఇబ్బంది లేదు. ఆ నోటీసులో ఇంటి నంబరు వేయకండి, అందరికీ వర్తించేలా రాస్తే సంతకాలు ఎక్కువ పడతాయి.

జీహెచ్‌ఎంసీ లాంటి కార్పొరేషన్లలో పెంపుడు కుక్కకు లైసెన్సు తప్పనిసరి. పశువైద్య విభాగానికి మీ ఫిర్యాదులో రెండే అడగండి: లైసెన్సు, టీకా తనిఖీ చేయమని, అదుపులో పెట్టాలని యజమానికి నోటీసు ఇవ్వమని. "పట్టుకెళ్లండి" అని రాస్తే వీధికుక్కల విభాగానికి పోయి అక్కడే మూసేస్తారు. పల్లెల్లో అయితే పంచాయతీ కార్యదర్శికి, ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ, వార్డు సచివాలయానికి ఇవ్వాలి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే కార్యక్రమాలున్నాయి: తెలంగాణవాళ్లకు ప్రజావాణి, ఆంధ్రావాళ్లకు పీజీఆర్‌ఎస్ (ప్రజా సమస్యల పరిష్కార వేదిక). రసీదు నంబరు లేకుండా ఏ ఆఫీసు నుంచీ బయటికి రావొద్దు.

పోలీస్ స్టేషన్

"కరిచాక రండి" అనే మాట ఇక్కడ వినిపించవచ్చు. చట్టం అలా అనలేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఇదే విషయం మీద ఉంది. తన స్వాధీనంలో ఉన్న జంతువు వల్ల మనిషి ప్రాణానికి గానీ, తీవ్ర గాయానికి గానీ ప్రమాదం కలిగే అవకాశం ఉన్నప్పుడు, తెలిసి గానీ నిర్లక్ష్యంతో గానీ తగిన జాగ్రత్త తీసుకోకపోవడం నేరం. 6 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పాత ఐపీసీ 289లో జరిమానా 1,000 రూపాయలే ఉండేది. కోర్టు అనుమతి అక్కర్లేకుండా పోలీసులే నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టగల నేరం ఇది.

ఆ సెక్షన్‌లో శిక్ష పడేది కరిచినందుకు కాదు, ప్రమాదం ఉండీ జాగ్రత్త తీసుకోనందుకు. మీ నోటుబుక్కు ప్రమాదాన్ని చూపిస్తుంది. మీ ఉత్తరం, ఆ రాత్రి పెట్టిన మెసేజ్ "ఆయనకు తెలుసు" అన్నదాన్ని చూపిస్తాయి. "నాకెవరూ చెప్పలేదు సార్" అనే దారి మూసుకుపోతుంది. ఇన్నాళ్లూ ఓపిగ్గా రాసుకున్నది ఇందుకే.

పన్ను దిగకుండానే ప్రాణం పోయిన సంగతి హైదరాబాద్‌లోనే జరిగింది. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో ఒక ఫుడ్ డెలివరీ యువకుడు, పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన ఇంట్లోని కుక్క మీదికి రావడంతో పరిగెత్తి మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. యజమాని మీద కేసు నమోదైంది. అదే ఏడాది మేలో మణికొండలో మరో డెలివరీ ఉద్యోగి అలాగే మూడో అంతస్తు నుంచి దూకి గాయపడ్డాడు. స్టేషన్‌లో "ఇంకా కరవలేదు కదా" అంటే ఈ రెండూ గుర్తుచేయండి.

పిటిషన్ రాతపూర్వకంగా, రెండు ప్రతుల్లో ఇవ్వండి. ఒక ప్రతి మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. గాయం అయి ఉంటే న్యాయ సంహితలోనే 125వ సెక్షన్ (నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి, భద్రతకు ప్రమాదం తేవడం) కూడా వర్తిస్తుందేమో అడగండి. పిటిషన్ తీసుకోకపోతే, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీకి, నగరాల్లో అయితే కమిషనరేట్‌కు పోస్టులో పంపవచ్చు. ఆపైన మెజిస్ట్రేటును ఆశ్రయించే దారి ఉంది. నిజానికి చాలావాటికి అంతదూరం అక్కర్లేదు. ఎస్సై ఫోన్ చేసి "గేటు వేసుకోండి సార్" అన్న పూటే కొండీ వచ్చిన ఇళ్లున్నాయి.

దారిలో అప్పుడే దాడి జరుగుతుంటే మాత్రం పిటిషన్లు కాదు, 112కు ఫోన్ చేయండి.

ఆర్డీవో దగ్గరి దారి

దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ. ప్రజలు నడిచే దారిలో ఇబ్బందినీ ప్రమాదాన్నీ తొలగించే అధికారం సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటుకు ఉంది. పాత సీఆర్పీసీ 133 ఇదే. ప్రమాదకరమైన జంతువును కట్టడిలో ఉంచాలని యజమానిని ఆదేశించే మాట అందులో నేరుగా ఉంది. మన దగ్గర డివిజన్ స్థాయిలో ఆ మెజిస్ట్రేటు ఆర్డీవోనే (రెవెన్యూ డివిజన్ అధికారి). ముందు షరతులతో ఉత్తర్వు ఇస్తారు, యజమాని పాటించాలి లేదా వచ్చి తన వాదన చెప్పుకోవాలి. పాటించకపోతే అది వేరే నేరం. ఒక్క ఇంటివాళ్ల సంతకం కన్నా ఆ దారిన నడిచే నాలుగిళ్లవాళ్ల సంతకాలు, పాలబ్బాయి లాంటివాళ్ల మాట ఇక్కడ బరువు. ఎందుకంటే విషయం మీ ఇద్దరి తగాదా కాదు, అందరి దారి అని తేలాలి. అందులోనూ కోరిక అదే: కట్టడి. చంపమని, తరలించమని రాయకండి.

ఇవి మాత్రం చేయొద్దు

విషం పెట్టడం, కాలు విరిచేలా కొట్టడం, రాత్రికి రాత్రి ఆటోలో ఎక్కించి ఊరవతల వదిలి రావడం. జంతువును చంపినా, అంగవైకల్యం కలిగించినా న్యాయ సంహిత 325 కింద 5 ఏళ్ల వరకు జైలు. యజమానికి పడే ఆరు నెలలతో పోల్చి చూసుకోండి, ఒక్క తప్పుతో మీరే పెద్ద నిందితులు అవుతారు. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో వీధికుక్కల్ని కాల్చి చంపినప్పుడు కేసు పెట్టి అరెస్టులు కూడా చేశారు. కాలనీ వాట్సాప్ గ్రూపులో పొరుగాయన పేరుపెట్టి ఏకిపారేయడం కూడా ఈ జాబితాలోదే. దాంతో ఆయనకు ఆ గ్రూపులో పది మంది మద్దతుదారులు పుడతారు.

రాజీ కుదిరితే

ఏ మెట్టు మీదైనా ఆయన దిగివస్తే అక్కడే ఆగండి, కానీ నోటిమాటతో కాదు. నాలుగు వాక్యాలు రాయించండి: గేటుకు ఏం చేయిస్తారు, ఏ తేదీలోపు, కుక్కల్ని ఏ వేళల్లో గొలుసుతో తిప్పుతారు, మీరు ఏ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు. కరిచిన కేసు అయితే ఆస్పత్రి రానుపోను ఖర్చు, పోయిన కూలీ ఎవరు భరిస్తారో కూడా రాయాలి. డబ్బు దగ్గర తెగకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దావాకు ముందే రాజీ అర్జీ పెట్టుకోవచ్చు, 15100కు ఫోన్ చేస్తే దారి చెబుతారు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది, మామూలుగా దానిమీద అప్పీలు ఉండదు. కొండీ పడ్డాక ఒక నెలపాటు నోటుబుక్కు రాస్తూనే ఉండండి. కుక్కలు మళ్లీ బయటికి వస్తే మొదటినుంచి గేటు దగ్గర మాట్లాడనక్కర్లేదు, రాజీకాగితం జిరాక్సు జతచేసి నేరుగా స్టేషన్‌కు వెళ్లండి.